తమలపాకు లేని బొబ్బట్ల విందు

పూర్వం పుష్కలాపురమనే రాజ్యాన్ని కుంభవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. పన్నుల కోసం ఎవరినీ పీడించలేదు, పొరుగు రాజ్యాల మీదికి ఊరికే దండెత్తలేదు. దండెత్తాలంటే గుర్రమెక్కాలి, గుర్రమెక్కాలంటే ముందు భోజనం పీట మీంచి లేవాలి. అంత తొందర ఆయనకు ఏనాడూ కలగలేదు.

ఆయన ప్రాణమంతా బొబ్బట్ల మీదే. నిద్ర లేస్తూనే బొబ్బట్టు, స్నానం కాగానే బొబ్బట్టు, సభకు వెళ్ళే ముందు దారి బత్తెమన్నట్టు మరో బొబ్బట్టు. వంటశాలలో ఒక పక్కంతా వాటికే కేటాయించారు. అక్కడ పూర్ణం రుబ్బే రోలు చప్పుడు కాసేపు ఆగితే రాజ్యానికేమైందోనని ఊళ్ళోవాళ్ళు కంగారుపడేవారు. ఇక కూరగాయలంటారా, వాటిని ఆయన చిన్నప్పటినుంచీ పగవాళ్ళను చూసినట్టు చూసేవాడు. ఒకసారి వంకాయను తొడిమ పట్టుకుని పైకెత్తి, ఇది తినేదా, దొంగను కొట్టేదా అని వంటవాణ్ణి అడిగిన మహానుభావుడు.

రాజుగారి కుడిపక్కన ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉండేవాడు. పేరు ఓబన్న. అడపం పట్టడం అతని కొలువు. అడపమంటే తాంబూలపు పెట్టె. తమలపాకులు, వక్కలు, సున్నం అందులో సర్ది ఉంచుకుని, రాజుగారు చెయ్యి చాపగానే ఆకు చిలక చుట్టి అందించాలి. వినడానికి చిన్న పనే. కానీ ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. అతిథి విందు ముగించి లేవాలంటే రాజు చేతి తాంబూలం అందుకోవాలి. ఎవరికైనా ఏదైనా పని అప్పగించాలన్నా రాజు తాంబూలమే ఇవ్వాలి. అది చేతిలో పడేదాకా సేనాపతి కత్తి దూయడు, తాపీవాడు రాయి పేర్చడు. ఒక్క మాటలో చెప్పాలంటే తాంబూలం లేనిదే అక్కడ ఏదీ మొదలయ్యేది కాదు, ఏదీ ముగిసేదీ కాదు.

అంత ముఖ్యమైన ఆకు ఎవరి చేతిలో ఉందో మాత్రం ఎవరికీ పట్టేది కాదు. అడపం పట్టేవాణ్ణి సభలో ఉన్న స్తంభాల్లో ఒకటిగా లెక్కవేసేవారు. ఓబన్నకు అదీ ఒకందుకు మంచిదే అయింది. స్తంభాన్ని చూసి ఎవరూ మాట దాచుకోరు కదా.

ఇలా ఉండగా రాజుగారికి పొద్దుటి పూట ఒక ఇబ్బంది మొదలైంది. అదేమిటో నలుగురిలో విడమరిచి చెప్పుకునేది కాదు. తెల్లవారగానే పెరటివైపు వెళ్ళిన ప్రభువు ఎండెక్కినా తిరిగి రావడం లేదనీ, వచ్చినా మొహం గంటుపెట్టుకుని వస్తున్నాడనీ చెబితే చాలు. ఆస్థాన వైద్యుడు చెయ్యి పట్టుకుని చూసి, మందేమీ అక్కర్లేదన్నాడు. బొబ్బట్లు తగ్గించి, పూటకో ఆకుకూర, దాంతోపాటు బీరకాయో సొరకాయో తింటే అన్నీ సర్దుకుంటాయన్నాడు.

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. ఇంత రాజ్యమేలేవాణ్ణి పట్టుకుని గడ్డి తినమంటాడా అని, ముసలాయనకు తాంబూలమిచ్చి మరీ ఆ పూటే కాశీయాత్రకు పంపించేశాడు. పుణ్యం కూడా వస్తుంది పొమ్మన్నాడు.

పంపాడన్నమాటేగానీ, మనసులో ముల్లు అలాగే ఉండిపోయింది. దాన్ని తియ్యడానికి ఆస్థాన పండితుడు వరాహభట్టును పిలిపించాడు. ఈ భట్టుగారికి రాని శాస్త్రం లేదు. ఆ సంగతి వేరెవరూ చెప్పేవారు కాదు, ఆయనే చెప్పుకునేవాడు. ఒంటికి బలం బొబ్బట్టుతోనా, కూరగాయతోనా, శాస్త్రప్రకారం తేల్చమని రాజుగారు అడిగాడు. ఏది నెగ్గాలో ఆ అడిగిన గొంతులోనే ఉంది. భట్టు బుర్ర సంగతెలా ఉన్నా చెవులు మాత్రం చురుకైనవి.

మర్నాడు సభ మధ్యలో ఒక గానుగ దిగింది. భట్టు ముందుగా అందులో బొబ్బట్లు పడేయించి తిప్పించాడు. అడుగునుంచి నెయ్యి కారింది. సభంతా ఘుమఘుమలాడింది, రాజుగారు సింహాసనంలో ముందుకు జరిగాడు. తరువాత ఒక సొరకాయను పడేయించి తిప్పించాడు. నీళ్ళొచ్చాయి.

“చిత్తగించారా ప్రభూ. బొబ్బట్టులో శనగపప్పుంది, అది కండ. బెల్లముంది, అది రక్తం. నెయ్యి ఉంది, అది తేజస్సు. ఈ సొరకాయలో ఉన్నవి నీళ్ళు. నీళ్ళు కావాలంటే ఊరినిండా బావులుండగా పాదులు పెట్టి, పందిళ్ళు వేసి, ఇంత శ్రమ ఎందుకు?”

సభ తలలూపింది. భట్టుకు ఊపొచ్చింది. ఒక గంగాళం తెప్పించి, గంపెడు తోటకూర అందులో పోయించి, కింద మంట పెట్టించాడు. కాసేపటికి మూత తీసి చూపిస్తే గంగాళం అడుగున గుప్పెడు కూర ముడుచుకుని కూర్చుంది. సెగ తగలగానే మాయమైపోయే ఈ పిరికిది మన ఒంట్లోకి వెళ్ళి ఏం బలమిస్తుందని అడిగాడు. అదే బొబ్బట్టును పెనం మీద వేస్తే పొంగుతుందనీ, నిప్పును చూసి పొంగడం వీరుడి లక్షణమనీ తేల్చాడు.

రాజుగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చేశాడు. ఏటి ఒడ్డున ఉన్న కూరతోటలన్నీ దున్నించెయ్యాలి. వాటి చోట బెల్లానికి చెరకూ, పూర్ణానికి శనగా వెయ్యాలి. పున్నమికి వియ్యంకుడు జయకేసరి మహారాజు రాబోతున్నాడు కాబట్టి ఆయనకు ఒక్క కూర కూడా లేని బొబ్బట్ల విందు చెయ్యాలి. ఎడ్లకు అరకలు కట్టి వాకిట్లో సిద్ధంగా ఉంచితే, విందు కాగానే అరకల పెద్దకు తాంబూలమిచ్చి, ఆ దున్నే వేడుక వియ్యంకుడికి కళ్ళారా చూపించాలి.

సింహాసనం పక్కన ఓబన్న ఆకు చుట్టడం ఆపేశాడు. ఏటి ఒడ్డున ఉన్న తోటల్లో ఒకటి అతని అక్క గవరమ్మది. అమ్మ పోయిన తరువాత ఆ పాదుల మధ్యనే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. తోటకూర కట్టలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి, వాడికి అన్నం పెట్టింది. ఆవిడకు మొగుడు లేడు, పిల్లల్లేరు, ఆ తోట ఒక్కటే ఉంది. అది పోతే గవరమ్మ ఏమైపోతుందో ఓబన్న ఆలోచించదలచుకోలేదు. అడపంలో ఆకులు చూసుకున్నాడు. ఆ ఆకులూ ఆ తోటలోవే, అవిసె చెట్లకు అక్క పాకించిన తీగలవి. వాటిని చూస్తుండగా అతనికొక సంగతి తట్టింది.

అడపం పక్కన పెట్టి, చేతులు కట్టుకుని ఒక అడుగు ముందుకేశాడు. స్తంభం నడిచొచ్చినట్టు సభ ఉలిక్కిపడింది.

“ఏలినవారు మన్నించాలి. ఈ కూరగాయలది దొంగబుద్ధి ప్రభూ. కాయలు రానివ్వకపోతే ఆకుల్లా వస్తాయి, ఆకులు రానివ్వకపోతే కాడల్లా వస్తాయి. వియ్యంకుడిగారి ముందు వంటవాళ్ళు ఏ పోపులోనో కరివేపాకు తగిలించారంటే కోట పరువు పోతుంది. ఆజ్ఞ సందుల్లేకుండా ఉండాలి. అలాంటిది కూర్చడం భట్టుగారికి తప్ప ఇంకొకరికి చేతకాదు.”

భట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు. ఆయన్ని పొగిడితే మాటలు వాటంతటవే పొంగుకొచ్చేవి. కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, చాటింపు మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పాడు.

“విందు నాటి సూర్యోదయం మొదలు, కాయ గానీ, ఆకు గానీ, కాడ గానీ, దుంప గానీ, నేలలోంచి మొలిచి పచ్చిగా ఉన్నది ఏదైనా సరే, ఎవరు తెచ్చినా సరే, ఎందుకు తెచ్చినా సరే, ప్రభువు స్వయంగా మాట వెనక్కి తీసుకుంటే తప్ప కోట గుమ్మం దాటి లోపలికి రాకూడదు. లోపలున్నది ఆ పొద్దు పొడవకముందే బయటికి పోవాలి.”

రాజుగారు మురిసిపోయాడు. ఎందుకు తెచ్చినా సరే అన్నారు చూడండి, పాండిత్యమంటే అదీ అని సభకు చూపించాడు. ఇంత మంచి ఆలోచన చెప్పినందుకు ఓబన్నకు తన పళ్ళెంలోంచి ఒక బొబ్బట్టు తీసి బహుమానంగా ఇచ్చాడు. ఓబన్న దాన్ని కళ్ళకద్దుకుని నడుముకు కట్టుకున్నాడు.

సాయంత్రం తోటకు వెళ్ళేసరికి చాటింపు అక్కడికి ముందే చేరింది. గవరమ్మ బీరపందిరి కింద కూలబడి ఉంది.

“మీ రాజుకు కూర సయించకపోతే తినడం మానెయ్యమనరా. నా పాదులేం జేసినయ్యి ఆయన్ని? నువ్వక్కడే ఉన్నావు గదా, ఒక్క మాటనలేకపోయావా?”

“అన్నానక్కా. ఆజ్ఞ ఇంకాస్త గట్టిగా చెయ్యమన్నాను.”

గవరమ్మ చేతికందిన బీరకాయ తీసి విసిరింది. ఓబన్న తల వంచి తప్పించుకుని, దగ్గరగా వచ్చి కూర్చుని, నడుముకు కట్టుకున్న బొబ్బట్టు ఆవిడ చేతిలో పెట్టి, గొంతు తగ్గించి చెప్పాల్సింది చెప్పాడు. విందునాడు తోటలో దొరికినవన్నీ ఒక గంపలో వేసుకుని, పైన ఒక తమలపాకుల కట్ట పెట్టుకుని, కోట గుమ్మం బయట కూర్చోవాలి. లోపలికి పోవాలని చూడకూడదు. ఎవరొచ్చి ఆకడిగినా, తోటల సంగతి రాజుగారి నోటితో తేలేదాకా ఇవ్వకూడదు. గవరమ్మ అంతా విని, ఇందులో తమ్ముడి తల పోయే దారి ఎక్కడుందోనని వెతికింది. అది కనబడింది కూడా. కళ్ళు తుడుచుకుని, సరేలే అంది.

విందు రోజు రానే వచ్చింది. పొద్దు పొడవకముందే ఓబన్న అడపంలో ఉన్న ఆకులూ, గదిలో తడిగుడ్డలో చుట్టిపెట్టిన కట్టలూ అన్నీ మోసుకొచ్చి, కావలివాళ్ళు చూస్తుండగా గుమ్మం బయట పెట్టేశాడు. రాజాజ్ఞ అంటే ఇలా పాటించాలని కావలివాళ్ళు మెచ్చుకున్నారు. పొద్దు పొడిచాక వాళ్ళ పనీ మొదలైంది. మామిడాకుల బండి వస్తే వెనక్కి తిప్పేశారు. భట్టు చెప్పి, గుమ్మాలకు ఆకుల బదులు పసుపు ముంచిన గుడ్డపీలికలు కట్టించాడు. అరిటాకులు వస్తే తిప్పేశారు, వెండిపళ్ళాలు దిగాయి. పూలదండల్లో మరువముందని దండలనూ ఆపేశారు. అన్నీ ఆగిపోతున్నకొద్దీ రాజుగారికి తన ఆజ్ఞ మీద గౌరవం పెరిగిపోయింది. అడపం మూత మాత్రం ఎవరూ తీసి చూడలేదు.

మధ్యాహ్నానికి వియ్యంకుడు జయకేసరి పరివారంతో వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మీసాలు మెలేసి ఉండేవాడు. మర్యాద దగ్గర వెంట్రుకవాసి తేడా ఒప్పుకునేవాడు కాదు. పెళ్ళిలో పానకం బిందె ఎవరో ఎడమచేత్తో అందించారని, మగపెళ్ళివారందరినీ విడిదిలో పెట్టి తలుపులు వేయించిన మనిషి. ఆ తలుపులు తీయించడానికి కుంభవర్మ ఎంత బతిమాలాడో ఆ రాజ్యంలో ఇంకా చెప్పుకునేవారు.

వియ్యంకులిద్దరూ ఎదురెదురు పీటల మీద కూర్చున్నారు. పంక్తిలో భట్టూ కూర్చున్నాడు. ఓబన్న యథాప్రకారం రాజుగారి వెనక నిలబడ్డాడు. బొబ్బట్లు వచ్చాయి. తామరాకంత వెడల్పు, వేడివేడివి, వాటి మీద నెయ్యి గిన్నెలతో పోస్తున్నారు. మొదట్లో ఆ విందు చూడముచ్చటగానే ఉంది. జయకేసరి మీసాలు పైకెత్తిపట్టుకుని తిన్నాడు. రాజుగారు ప్రతి బొబ్బట్టునూ పొగిడి తిన్నాడు. సొరకాయ నీళ్ళ కథ భట్టు మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.

తింటూ ఉండగా నవ్వులు పలచబడ్డాయి, తరువాత మాటలు పలచబడ్డాయి. నోరంతా తీపై, నాలుక మొద్దుబారింది. కాస్త పులుపో కారమో తగిలితే బాగుండునని అందరి చేతులూ అలవాటుగా పళ్ళెం పక్కకు వెళ్ళి, అక్కడ ఏమీ లేక వెనక్కి వచ్చేవి. అతిథి తింటుండగా ఇంటివాడు చెయ్యి తియ్యకూడదు కాబట్టి రాజుగారు తింటున్నాడు. ఇంటివాడు తాంబూలమివ్వకముందే లేస్తే పెట్టినవాణ్ణి అవమానించినట్టు కాబట్టి జయకేసరి తింటున్నాడు. ఆయనకింకా ఆకలి తీరలేదని ఈయన, ఈయనకింకా పెట్టాలని ఉందని ఆయన. తాంబూలం వచ్చేదాకా పళ్ళెం ఖాళీగా ఉంచకూడదని వడ్డించేవాళ్ళు తెస్తూనే ఉన్నారు.

చివరికి రాజుగారు చెయ్యి వెనక్కి చాపాడు. ఓబన్న వంగి అడపం తెరిచి చూపించాడు.

“వక్కలున్నాయి ప్రభూ. సున్నమూ ఉంది.”

“ఆకేదిరా?”

“ఆకు నేలలోంచి మొలిచి పచ్చిగా ఉండేదే కదా ప్రభూ. ఏలినవారి ఆజ్ఞ ప్రకారం పొద్దుపొడవకముందే నా చేతులతో బయట పెట్టాను.”

రాజుగారు భట్టు వైపు చూశాడు. భట్టు మెల్లగా వంగి, ఒక లేత బొబ్బట్టును మడిచి అందులో వక్క పెట్టి ఇస్తే అదే తాంబూలమవుతుందని శాస్త్రం చెప్పాడు. గత్యంతరం లేక రాజుగారు అలాగే చుట్టి, రెండు చేతులా వియ్యంకుడికి అందించాడు. జయకేసరి దాన్ని గౌరవంగా తీసుకుని, ఇది ఇంకో రకం బొబ్బట్టు కాబోలనుకుని, వక్కతో సహా నమిలి మింగి, మళ్ళీ పళ్ళెం ముందు నిటారుగా కూర్చున్నాడు. అతిథి తిన్నాడు కాబట్టి రాజుగారూ అలాంటిదొకటి తినాల్సొచ్చింది. వడ్డించేవాళ్ళు ఇంకో విడత తెచ్చారు.

పొద్దు వాలుతోంది. వాకిట్లో అరకల పెద్ద తాంబూలానికి కబురు మీద కబురు పంపుతున్నాడు. కట్టిన ఎడ్లు కట్టినట్టే నిలబడి రంకెలు వేస్తున్నాయి. ఆ రంకెలు వినబడ్డప్పుడల్లా ఓబన్న పొద్దు వైపు చూసేవాడు. ఇంకాసేపు ఓపిక పట్టాలి, అంతే. కానీ రాజుగారి మెడ ఎర్రబడుతుంటే ఆ ఓపిక తన తలకెంత ఖరీదవుతుందో అతనికి తెలుస్తూనే ఉంది.

రాజుగారు పెదవులు కదలకుండా, కళ్ళతో వియ్యంకుణ్ణి చూసి నవ్వుతూనే, ఓబన్నతో అన్నాడు.

“ఇదంతా నీ పనే. నీ తల తీయిస్తాను.”

“చిత్తం ప్రభూ. కానీ తల తీసేవాడికి కూడా ముందు తాంబూలమివ్వాలి కదా.”

రాజుగారు కోపంతో ఊగిపోదామని చూశాడు, కడుపు ఒప్పుకోలేదు. పెదవి చివర ఏదో అదిరింది. దాన్ని బలవంతాన అణచుకుని, ఎక్కడ దొరికితే అక్కడినుంచి ఒక్క ఆకు తెమ్మన్నాడు. గుమ్మం బయట ఒకావిడ ఆకులు పెట్టుకుని కూర్చుందనీ, కానీ ఆజ్ఞ కూర్చినవారే వచ్చి అడిగితే బాగుంటుందనీ ఓబన్న మనవి చేశాడు. రాజుగారి చూపు పడేసరికి భట్టు నేల మీద చేతులానించి, ఇద్దరు మనుషుల సాయంతో లేచాడు. ఓబన్న ఆయన వెంట నడిచాడు.

గుమ్మం బయట గవరమ్మ గంప ముందేసుకుని కూర్చుంది. గంపలో వంకాయలు, బీరకాయలు, తోటకూర, గోంగూర, లేత దోసకాయలు. వాటన్నిటి మీదా తడిగుడ్డలో తమలపాకుల కట్ట, పొద్దున ఓబన్న బయట పెట్టినవి కూడా అందులోనే. భట్టు ఆయాసపడుతూ చెయ్యి చాపి, ఒక్క కట్ట ఇటివ్వమన్నాడు.

“ఇది మీకెందుకు బాబూ, పిండితే నీళ్ళే వస్తయ్యి. నీళ్ళు కావాలంటే అదిగో ఆ పక్కన బావి ఉంది.”

కావలివాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. భట్టు గద్దించి చూశాడు, బతిమాలి చూశాడు. గవరమ్మ కదల్లేదు. లాక్కుపోదామన్నా ప్రభువు మాట లేనిదే కావలివాళ్ళు గుమ్మం దాటనివ్వరు. తోటలు దున్నబోమని రాజుగారు తన నోటితో అంటేనే ఆకు లోపలికొస్తుందనీ, వస్తే గంపతో సహా వస్తుందనీ, విడిగా రాదనీ చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ తమ్ముడి వైపు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని ఓబన్నకు తెలుసు, అందుకే అతనూ నేల చూపులు చూశాడు.

భట్టు తిరిగొచ్చి, ఆయాసంలో గొంతు తగ్గించడం మరిచిపోయి, ఉన్నదంతా పంక్తి మధ్యలోనే చెప్పేశాడు. తోటలు, గంప, గంపలో ఏమేమున్నాయో కూడా. రాజుగారు సిగ్గుతో చచ్చిపోయాడు. వియ్యంకుడి ముందు పరువు గంగలో కలిసిందనుకున్నాడు. ఇప్పుడు తలుపులేసుకుని కూర్చుంటాడో, కూతురి కాపురానికేం చుట్టుకుంటుందోనని భయం భయంగా ఎదుటి పీట వైపు చూశాడు.

జయకేసరి మహారాజు చాలాసేపటి తరువాత మొదటిసారి నోరు విప్పాడు.

“బావగారూ, ఆ గంపలో దోసకాయలున్నాయని విన్నాను. నిజమేనా?”

ఆ గొంతులో మర్యాద లేదు, రాజసం లేదు. దాహంతో ఉన్న మనిషి గొంతు అది. కుంభవర్మ వియ్యంకుడి కళ్ళలోకి చూశాడు, ఆ కళ్ళలో తన బాధే కనబడింది. ఇంతసేపూ ఒకరి కోసమని ఒకరు తింటున్నారని ఇద్దరికీ ఒకేసారి తెలిసిపోయింది. రాజుగారు పీట మీంచే గుమ్మానికి వినబడేలా అరిచి చెప్పాడు. చాటింపు రద్దు. తోటలు ఎవ్వరూ ముట్టుకోరు. గంప లోపలికి రావాలి, వెంటనే రావాలి.

ఆ కేక వెంటే భట్టు మళ్ళీ గుమ్మం దాకా రావాల్సొచ్చింది. గవరమ్మ లేచి, గంప వైపు చూసి, పొద్దుటినుంచీ కూర్చుని నడుం పట్టేసిందనీ, తాను మొయ్యలేననీ అంది. ఓబన్న చేతుల్లో అడపముంది. కావలివాళ్ళు గుమ్మం విడిచి రాకూడదు. మిగిలింది వరాహభట్టు ఒక్కడే. ఆ రోజు పుష్కలాపురం కోటలో, పాండిత్యానికి గుర్తుగా రాజుగారిచ్చిన జరీ తలపాగా మీద కూరగాయల గంప ఊరేగింది.

వియ్యంకులిద్దరూ ఉప్పు అద్దుకుని లేత దోసకాయ ముక్కలు తిన్నారు. మాట లేదు, కరకరమన్న చప్పుడు తప్ప. ముక్క ముక్కకూ రాజుగారి మొహం తేటపడింది. చిన్నప్పటినుంచీ తాను పగవాళ్ళుగా చూసినవాటిలో ఇంత చల్లనిది ఒకటుందని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పిన వైద్యుడు కాశీ దారిలో ఉన్నాడు. జయకేసరి ఇంకో ముక్క అడిగి మరీ తీసుకున్నాడు. తరువాత ఓబన్న చుట్టిచ్చిన ఆకు చిలకను రాజుగారు రెండు చేతులా అందించాడు. జయకేసరి అది నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, పీట మీంచి లేచాడు. ఆయన లేచాక పంక్తంతా లేచింది. అందరూ ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నారు.

అతిథులు విడిదికి వెళ్ళాక రాజుగారు ఓబన్నను పిలిచాడు. అరకల పెద్ద ఇంకా వాకిట్లోనే ఉన్నాడు, గవరమ్మ స్తంభం చాటున కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇంతమందిలో తనను ఎందుకలా కూర్చోబెట్టాడో చెప్పమని రాజుగారు అడిగాడు. గొంతు గట్టిగానే ఉంది.

“భట్టుగారు సొరకాయను పిండి చూపించారు ప్రభూ. ఈ ఆకును పిండితే ఆ పాటి నీళ్ళు కూడా రావు. అది లేకపోయేసరికి ఇద్దరు మహారాజులు పీట మీంచి లేవలేకపోయారు. బొబ్బట్టు బలం తక్కువదని నేనను. అది మనిషిని కూర్చోబెడుతుంది. లేపేది మాత్రం ఆకే.”

రాజుగారికి తల తీసేవాడి తాంబూలం గుర్తొచ్చింది. ఇంతసేపు అణచుకున్న నవ్వు ఒక్కసారి బయటపడింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వితే పొట్ట నొప్పి, ఆపుదామంటే ఆగదు. అయ్యో అంటూనే, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి సభ నవ్వింది. గంప మోసి మెడ పట్టేసిన భట్టు కూడా, మెడ తిప్పకుండానే, ఎలాగో నవ్వాడు.

నవ్వు ఆగాక రాజుగారు అడపం ఇటివ్వమన్నాడు. ఓబన్న ఎప్పటిలాగే ఆకు చుట్టబోతే, వద్దని పెట్టె తనే తీసుకున్నాడు. గవరమ్మ తోట ఆకొకటి తీసి, సున్నం రాసి, వక్క పెట్టి, తన లావుపాటి వేళ్ళతో వంకరటింకరగా చిలక చుట్టాడు. దాన్ని ఓబన్న చేతిలో పెట్టి, ఇకనుంచి ఏటి ఒడ్డు తోటలకు పెద్దవు నువ్వే, అక్కడ ఒక్క పాదు ఎండినా అడిగేది నిన్నేనన్నాడు. రాజ్యంలో అందరి చేతుల్లోనూ పడ్డ తాంబూలం ఓబన్న చేతిలో పడడం అదే మొదటిసారి. ఆకును పిడికిట్లో పట్టుకుని అక్క వైపు చూశాడు. గవరమ్మ ఏడుస్తూనే, అది నోట్లో వేసుకోరా వెర్రివాడా అన్నట్టు సైగ చేసింది.

అరకలు విప్పేశారు. కాశీ దారిలో ఉన్న వైద్యుణ్ణి పల్లకీ పంపి వెనక్కి రప్పించారు. రాజుగారు బొబ్బట్లు మానలేదు, మానమని ఎవరూ అనలేదు కూడా. కాకపోతే పళ్ళెం పక్కన రోజూ ఒక కూర వచ్చి కూర్చునేది. తెల్లవారి పెరటివైపు వెళ్ళిన ప్రభువు ఎండెక్కకముందే హుషారుగా తిరిగొచ్చేవాడు. ఆయన మొహం చూసి సభలోవాళ్ళు ఒకరినొకరు చూసుకుని, గవరమ్మ తోటకు మనసులోనే దండం పెట్టుకునేవారు.